కారుకూ, పాల వ్యానుకూ ఏ ఇంజన్ ఆయిల్ పోయాలి?

పాడి పత్రికలో ఇంజన్ ఆయిల్ గూర్చి వ్రాయటమేమిటని సభ్యులు కొందరు అనుకోవచ్చు. దాణా, పచ్చిమేత, గాలికుంటు టీకాలు, దూడల పోషణ, ఇవిగదా మన పత్రికలో ఉండవలసినవి అనవచ్చు. నిజమే. కాని తెల్లవారుజామున మన సంఘం ముందు నిలబడి ఒకసారి చూడండి. పాలు పోయించేది మనుషులే అయినా, ఆ పాలను శీతలీకరణ కేంద్రానికి చేర్చేది ఇంజన్. కరెంటు పోయినపుడు బల్క్ కూలరును నడిపేది ఇంజన్. రెండువైపులా క్యాన్లు కట్టుకొని వచ్చే మోటారు సైకిలుకూ, పొలం నుండి మేత తెచ్చే ట్రాక్టరుకూ ఇంజనే ఆధారం. ఈనాడు సభ్యుల ఇళ్ళముందు కార్లు కూడ కనబడుతున్నాయి. పాడి లాభంతోనే అవి కొన్నవారు మనలో తక్కువమంది కాదు.

పిండిన పాలు పశువు ఒంటి వేడితోనే ఉంటాయి. వాటిని కొద్ది గంటలలో 4 డిగ్రీలకు చల్లబరచకపోతే సూక్ష్మజీవులు పెరిగి పులుపెక్కటం మనందరికీ తెలిసిన సంగతే. ఒక లెక్క వేసి చూద్దాం. రూటు వ్యానులో 40 లీటర్ల క్యాన్లు 40 ఉన్నాయనుకోండి. 1600 లీటర్ల పాలు. లీటరు 40 రూపాయల చొప్పున వేసుకొన్నా 64 వేల రూపాయలు. వేసవిలో నడిదారిలో ఇంజన్ పట్టేసి వ్యాను ఆగిపోయి, మరొక బండి వచ్చేసరికి ఆలస్యమైతే ఆ పాలన్నీ ఒకేసారి విరిగిపోవచ్చు. నాలుగైదు ఊళ్ళ సభ్యుల ఒకపూట కష్టం మురుగుకాలువ పాలవుతుంది. ఇంజన్ మరమ్మతు ఖర్చు వేరే. ఆయిల్ దగ్గర మిగుల్చుకొన్నది వందలలో ఉంటే, పోగొట్టుకొనేది వేలల్లో ఉంటుంది.

అయితే ఖర్చుకు వెనుకాడి తప్పుడు ఆయిల్ పోసేవారికంటె, మంచిదే అనుకొని తప్పుడు ఆయిల్ పోసేవారు ఎక్కువ. రెండు వ్రేళ్ళ మధ్య ఆయిల్ రుద్ది చూసి, "చిక్కగా జిగురుగా ఉంది, మంచి సరుకు" అంటారు. "మన ఎండలకు పలుచటి ఆయిల్ ఆగదు, చిక్కటిది పోయండి" అని షెడ్డులో సలహా ఇస్తారు. వినటానికి సబబుగానే ఉంటుంది.

ఒకప్పుడు పాల వర్తకుడు చెంబులోకి తొంగిచూసి, వ్రేలు ముంచి ధర కట్టేవాడు. సంఘాలు వచ్చిన తరువాత గదా వెన్నశాతం ఎంత, వెన్నకాక మిగిలిన ఘనపదార్థాలు ఎంత అని పరీక్షించి ధర కట్టటం మొదలైంది! చూపుకు చిక్కగా ఉన్న పాలన్నీ వెన్న ఉన్న పాలు కావని మనకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. ఆయిల్ సంగతీ అంతే. దాని డబ్బామీద రెండు పరీక్షల ఫలితాలు అచ్చువేసి ఉంటాయి. ఒకటి చిక్కదనానికి, మరొకటి నాణ్యతకు. ఆ రెండు గుర్తులూ చదివి, బండితో ఇచ్చిన మాన్యువల్ పుస్తకంలో వ్రాసిన గుర్తులతో సరిపోల్చుకొంటే చాలు. ఇంగ్లీషు రాదని వెనుకాడనవసరం లేదు. నాలుగు అక్షరాలు, రెండు అంకెలు గుర్తుపట్టగలిగితే సరిపోతుంది. ఇంట్లో చదువుకొనే పిల్లలున్నారు గదా, చదివించుకోండి.

ఆయిల్ చేసే పని

వెనుకటికి బండి ఇరుసుకు ఆముదం కందెన పెట్టేవారు. ఇరుసు, చక్రం ఒరుసుకోకుండ చూడటమే దాని పని. మోటారు ఇంజన్లకు కూడ తొలిరోజులలో ఆముదం పనికివచ్చింది. ఈనాడు అందరూ ఎరిగిన క్యాస్ట్రాల్ అనే పేరు ఆముదపు ఇంగ్లీషు పేరు నుండి వచ్చినదే. 1909లో ఆ పేరు పెట్టారు. ఆముదాలు పండించే నల్లగొండ, మహబూబ్‌నగర్ రైతులకు ఈ సంగతి ముచ్చటగా ఉంటుందని చెప్పాము.

ఇంజన్‌లో ఆయిల్‌కు ఇరుసు కందెన కంటె చాల బరువైన పని ఉంది. లోపల నిమిషానికి వేలసార్లు తిరిగే క్రాంకుకూ, దాన్ని పట్టి ఉంచే బేరింగుకూ మధ్య వెంట్రుక కంటె సన్నని ఆయిల్ పొర నిలుస్తుంది. ఆ పొర ఉన్నంతసేపు లోహం లోహానికి తగలదు. పొర తెగిందా, కొద్ది నిమిషాలలోనే బేరింగు కరిగి ఇంజన్ పట్టేస్తుంది. అదిగాక పిస్టన్ల వేడిని క్రిందికి తెచ్చేది ఆయిలే. మసినీ, లోహపు రజనునూ కడిగి ఫిల్టరుకు చేర్చేది అదే. తుప్పు రాకుండ కాచేదీ అదే. ఇన్ని పనులు చేయటానికి నూనె ఒక్కటే చాలదు. అందులో రకరకాల మందులు కలుపుతారు. ఆ మందుల పాళ్ళలోనే ఒక ఆయిల్‌కూ మరొక ఆయిల్‌కూ అసలు తేడా ఉంటుంది. అది వ్రేళ్ళతో రుద్దితే తెలిసేది కాదు.

అంకెల గుర్తు

డబ్బామీద ఎస్.ఎ.ఇ. అనే మూడు అక్షరాల ప్రక్కన 15డబ్ల్యు-40 అనో, 5డబ్ల్యు-30 అనో ఉంటుంది. అమెరికాలోని మోటారు ఇంజనీర్ల సంఘం 1911లో మొదలుపెట్టిన కొలమానం ఇది. ఎన్నోసార్లు సవరించబడి ప్రపంచమంతటా వాడుకలో ఉన్నది.

డబ్ల్యు అక్షరం చలికాలానికి గుర్తు. దాని ముందున్న అంకె చలిలో ఆయిల్ ఎంత సులువుగా కదులుతుందో చెబుతుంది. మాఘమాసపు పొద్దున కొబ్బరినూనె సీసాలో గడ్డకట్టుకొని ఉండటం చూస్తూనే ఉంటాం. ఆయిల్ కూడ చలికి బిగుస్తుంది. ఆ అంకె చిన్నదైనకొద్దీ ఎక్కువ చలిలో కూడ ఆయిల్ పారుతుందని అర్థం. 20డబ్ల్యు ఆయిల్‌ను సున్నాకు దిగువ 15 డిగ్రీల చలిలో పరీక్షిస్తారు. 15డబ్ల్యు అయితే సున్నాకు దిగువ 20, 5డబ్ల్యు అయితే 30. లంబసింగిలో చలికాలపు తెల్లవారుజామున వేడిమి సున్నాకు దగ్గరగా దిగే రోజులుంటాయి. అంతకు మించిన చలి మన రెండు రాష్ట్రాలలో అరుదు. కాబట్టి స్టార్టు కావటం వరకే అయితే 20డబ్ల్యు ఆయిల్ మనకు ఎక్కడైనా సరిపోతుంది.

రెండవ అంకె వేడెక్కిన ఇంజన్‌లో, అనగా 100 డిగ్రీల వద్ద, ఆయిల్ చిక్కదనం చెబుతుంది. 20 కంటె 30, 30 కంటె 40 చిక్కన. పూర్వం చలికాలానికి ఒక ఆయిల్, వేసవికి ఒక ఆయిల్ అని మార్చేవారు. ఇప్పటి మల్టీగ్రేడ్ ఆయిళ్ళలో చలికి ముడుచుకొని వేడికి విప్పుకొనే ఒక పదార్థం కలుపుతారు గనుక ఒక్క ఆయిలే రెండు కాలాలకు చాలుతుంది. ఆ పదార్థం నలిగి నలిగి కొంతకాలానికి శక్తి కోల్పోతుంది. ఆయిల్ మార్చవలసి రావటానికి గల కారణాలలో ఇదొకటి.

ఇప్పుడు ఎండల సంగతికి వద్దాం. బయట 30 డిగ్రీలున్నా, 45 డిగ్రీలున్నా ఇంజన్‌లోని థర్మోస్టాట్ నీటి వేడిని సుమారు 90 డిగ్రీల దగ్గర నిలుపుతుంది. ఆయిల్ వేడి 100 డిగ్రీలకు అటూఇటూగా ఉంటుంది. రేడియేటరు సక్రమంగా పనిచేస్తున్న బండిలో రెంటచింతల ఎండకూ, ఊటీ చల్లదనానికీ ఇంజన్ లోపల తేడా స్వల్పం. కంపెనీవారు 100 డిగ్రీల లెక్కతోనే ఆయిల్ నిర్ణయిస్తారు. కాబట్టి మాన్యువల్‌లో వ్రాసినదానికి మించి చిక్కటి ఆయిల్ పోయటానికి మన ఎండలు కారణం కావు. కొన్ని మాన్యువల్లలో వాతావరణపు వేడిని బట్టి రెండు మూడు ఆయిళ్ళు చూపే పట్టిక ఉంటుంది. అట్లా ఉన్నచోట మన ప్రాంతపు వేడికి సరిపడేది ఎన్నుకోవచ్చు.

ఇప్పటి చిన్న పెట్రోలు కార్ల ఇంజన్లు చాల బిగువైన సందులతో తయారవుతాయి. వాటిలో పలు బండ్లకు 5డబ్ల్యు-30, 0డబ్ల్యు-20, ఇంకా పలుచటివి కూడ వ్రాసి ఉంటాయి. అట్టి ఇంజన్‌లో 20డబ్ల్యు-50 పోస్తే ప్రొద్దున స్టార్టు చేసినపుడు పై భాగాలకు ఆయిల్ ఆలస్యంగా చేరుతుంది. ఆ కొద్ది క్షణాలు లోహం ఎండుగా ఒరుసుకొంటుంది. ఆయిల్‌ను త్రిప్పటానికే ఇంజన్ శక్తి కొంత పోయి పెట్రోలు ఎక్కువ త్రాగుతుంది. చిక్కటి ఆయిలే మేలన్న అలవాటు అంబాసిడర్ల కాలం నాటిది. ఆ కారు తయారీ 2014లోనే నిలిచిపోయింది. అలవాటు మాత్రం షెడ్డులలో ఇంకా నిలిచి ఉంది.

దీన్నిబట్టి పలుచటిదే మంచిదని తలచరాదు. 15డబ్ల్యు-40 కోరే ట్రాక్టరులో కారుకోసం తెచ్చిన 0డబ్ల్యు-20 మిగిలిందని పోస్తే, బరువు లాగేటపుడు ఆ పలుచటి పొర తెగిపోతుంది. ఇంజన్ బోరుకు రావటానికి అంతకంటె దగ్గరదారి లేదు. పాతబడి, పొగ వదులుతూ, ఆయిల్ త్రాగుతున్న బండికి ఒకమెట్టు చిక్కటిది పోయటం కద్దు. అది నొప్పికి పట్టీ వేయటమే గాని వైద్యం కాదు.

అక్షరాల గుర్తు

చాలమంది చూడకుండ వదిలేసేది రెండవ గుర్తు. మా దృష్టిలో ఇదే ముఖ్యం. ఎ.పి.ఐ. అనే అక్షరాల ప్రక్కన మరి రెండు అక్షరాలుంటాయి. మొదటి అక్షరం ఎస్ అయితే పెట్రోలు ఇంజనుకు, సి అయితే డీజిలు ఇంజనుకు. రెండవ అక్షరం తరగతి. అక్షరమాలలో ముందుకు పోయినకొద్దీ క్రొత్తది, ఎక్కువ కఠినమైన పరీక్షలకు నిలిచినది. పెట్రోలు ఆయిళ్ళలో ఎస్.ఎన్. 2010లో, ఎస్.పి. 2020లో వచ్చాయి. డీజిలుకు సి.ఎఫ్-4 1990 నాటిది, సి.హెచ్-4 1998 నాటిది, సి.ఐ-4 2002 నాటిది, సి.కె-4 2016 చివర వచ్చినది. చివరనున్న 4 అంకె నాలుగు స్ట్రోకుల ఇంజనుకని తెలుపుతుంది.

మాన్యువల్ ఎస్.ఎన్. కోరితే ఎస్.పి. పోయవచ్చు. ఎస్.ఎల్. పోయరాదు. పై తరగతి పోస్తే నష్టం లేదు, క్రింది తరగతి పోయకూడదని గుర్తు పెట్టుకోండి.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. కొన్ని డబ్బాలమీద ఎస్.ఎన్./సి.ఎఫ్. అని రెండూ ఉంటాయి. సి ఉంది గదా, డీజిలు వ్యానుకూ పనికివస్తుందని కొంటారు. సి.ఎఫ్. 1994 నాటి పాత తరగతి. ఇప్పటి టర్బో, కామన్‌రైల్ డీజిలు ఇంజన్‌లో పుట్టే మసిని మోయటం దానికి చేతకాదు. ముందు వ్రాసిన అక్షరాలే ఆ ఆయిల్ ముఖ్యంగా ఎవరికోసం చేయబడిందో చెబుతాయి. డీజిలు బండికి సి అక్షరాలు ముందున్న డబ్బానే తీసుకోండి, అదీ మాన్యువల్‌లోని తరగతికి తగ్గకుండ. యూరపు పద్ధతి బండ్లకు ఎ.సి.ఇ.ఎ. సి-2, సి-3 వంటి గుర్తులుంటాయి. మాన్యువల్‌లో అవి ఉంటే డబ్బామీద కూడ అవే ఉండాలి.

బి.ఎస్.-6 పాల వ్యాన్లు

2020 ఏప్రిల్ 1 నుండి దేశమంతటా బి.ఎస్.-6 బండ్లే అమ్ముతున్నారు. డీజిలులో గంధకం 50 పాళ్ళ నుండి 10 పాళ్ళకు తగ్గింది, పది లక్షల పాళ్ళలో. ఈ డీజిలు బండ్లలో చాలవాటికి పొగగొట్టంలో మసిని పట్టే జల్లెడ వంటిది ఒకటి ఉంటుంది. దాన్ని డి.పి.ఎఫ్. అంటారు. రూటు కాంట్రాక్టర్లు, వ్యాను ఉన్న సంఘాలవారు ఈ భాగం నిదానంగా చదవవలసిందిగా కోరుతున్నాము.

ఆయిల్ కొద్దికొద్దిగా ఇంజన్‌లో కాలుతూనే ఉంటుంది. అందులోని మందులు కాలి బూడిద మిగులుతుంది. మసి అయితే ఆ జల్లెడలోనే మళ్ళీ కాలిపోతుంది. బూడిద కాలదు, పోదు. ఏళ్ళతరబడి పేరుకొని జల్లెడ మూసుకుపోతుంది. క్రొత్త జల్లెడ ఖరీదు చిన్నది కాదు. అందుకని ఈ బండ్లకు బూడిద తక్కువ ఇచ్చే ఆయిల్ కావాలి. సి.కె-4 తరగతిలో బూడిద నూటికి ఒక పాలు మించరాదని హద్దు పెట్టారు. సి.ఐ-4 తరగతికి అట్టి హద్దు లేదు. "ఇన్నాళ్ళూ పాత వ్యానుకు సి.ఐ-4 పోశాం, బాగానే నడిచింది" అని క్రొత్త బి.ఎస్.-6 వ్యానుకు కూడ అదే పోయటం ఇందుచేతనే తప్పు.

రెండవ సంగతి పాల రూటుకే ప్రత్యేకం. జల్లెడలో మసి నిండినపుడు ఇంజన్ తనంతట తానే మరికొంత డీజిలు చిమ్మి, జల్లెడను 600 డిగ్రీల వరకు వేడిచేసి మసిని కాల్చివేస్తుంది. ఇది జరగటానికి బండి కొంతసేపు ఆగకుండ నడవాలి. మన వ్యాను అట్లా నడవదు గదా! ఊరికో చోట ఆగుతుంది, క్యాన్లు ఎక్కించుకొంటుంది, మూడు కిలోమీటర్లు పోయి మళ్ళీ ఆగుతుంది. సగంలో ఇంజన్ ఆపినపుడల్లా మసి కాల్చే పని ఆగిపోతుంది. అదనంగా చిమ్మిన డీజిలులో కొంత పిస్టన్ రింగుల ప్రక్కగా జారి క్రింది ఆయిల్‌లో కలుస్తుంది. అట్లా రోజూ జరిగితే ఆయిల్ పలుచబడుతుంది.

దీన్ని కనిపెట్టటం కష్టం కాదు. వాడేకొద్దీ ఆయిల్ మట్టం తగ్గవలసింది పోయి పెరుగుతుంటే, ముక్కు దగ్గర పెట్టుకొంటే డీజిలు వాసన కొడుతుంటే కలిసినట్లే. గేదె ఇచ్చినదానికంటె క్యానులో పాలు ఎక్కువ ఉన్నాయంటే ఏం జరిగిందో వేరే చెప్పాలా? అటువంటి ఆయిల్‌ను గడువు వరకు ఉంచకుండ వెంటనే మార్చాలి. మసి దీపం వెలిగినపుడు డ్రైవరు దాన్ని నిర్లక్ష్యం చేయకుండ, మాన్యువల్‌లో చెప్పిన ప్రకారం, పాలు దించిన తరువాత ఖాళీ వ్యానును పెద్దరోడ్డు మీద ఆగకుండ నడపాలి. డ్రైవర్లకు ఈ సంగతి సంఘం కార్యదర్శి దగ్గరుండి చెప్పటం మంచిది.

టర్బో ఉన్న ఏ బండికైనా, దూరం నుండి వేగంగా వచ్చిన వెంటనే తాళం త్రిప్పి ఆపరాదు. ఒక నిమిషం నెమ్మదిగా తిరగనివ్వండి. ఎర్రగా కాగిన టర్బోలో ఆయిల్ పారటం ఒక్కసారిగా ఆగితే అక్కడే మాడి గట్టిపడుతుంది.

మోటారు సైకిలు, జనరేటరు

మోటారు సైకిలులో ఇంజనుకూ, గేర్లకూ, క్లచ్చికీ ఒకే ఆయిల్. కారు ఆయిళ్ళలో రాపిడి తగ్గించే మందు ఉంటుంది. దానివల్ల క్లచ్చి ప్లేట్లు జారతాయి. క్యాన్ల బరువుతో గట్టు ఎక్కేటపుడు ఇంజన్ అరుస్తుంది, బండి కదలదు. జాసో ఎం.ఎ. లేక ఎం.ఎ.-2 అన్న గుర్తు ఉన్న ఆయిలే మోటారు సైకిలుకు వాడండి. గేర్లు లేని స్కూటర్లకు ఎం.బి. గుర్తు ఆయిల్ వేరే ఉంది.

బల్క్ కూలరు దగ్గరి జనరేటరుకు కిలోమీటర్లు లేవు గనుక గంటల మీటరు చూసి ఆయిల్ మార్చాలి. ఎన్ని గంటలకన్నది దాని పుస్తకంలో ఉంటుంది. కరెంటు బాగా ఉన్న ఊళ్ళలో ఏడాదికి పట్టుమని యాభై గంటలు కూడ నడవకపోవచ్చు. అయినా ఏడాదికొకసారి మార్చవలసిందే. నిలవ ఉన్న ఆయిల్‌లో తేమ చేరి, పులుపెక్కి, బేరింగులను తింటుంది. కరెంటు పోయిన రాత్రి, కూలరు నిండా పాలున్నపుడు జనరేటరు మొరాయించటానికి ఇటువంటి అశ్రద్ధలే కారణం.

మట్టం, రంగు

సమతలంలో బండి నిలిపి, ఇంజన్ ఆపి, అయిదు పది నిమిషాలు ఆగి డిప్‌స్టిక్ తీయాలి. గుడ్డతో తుడిచి, మళ్ళీ పూర్తిగా దించి తీసి చూడాలి. క్రింది గీతకూ, పై గీతకూ మధ్య ఉండాలి. వారానికొకసారి చాలు. రూటు వ్యానుకు మాత్రం ప్రతిదినం చూడాలని మా సలహా.

ఎక్కువ పోస్తే మేలని పై గీత దాటించేవారున్నారు. అప్పుడు తిరిగే క్రాంకు ఆయిల్‌ను కవ్వం పెరుగును చిలికినట్లు చిలుకుతుంది. నురగ లేస్తుంది. నురగలో సగం గాలే. పంపు ఆ గాలిని బేరింగులకు పంపితే పొర ఎట్లా నిలుస్తుంది?

డీజిలు ఇంజన్‌లో క్రొత్త ఆయిల్ కొద్దిరోజులకే నల్లబడితే గాబరా పడకండి. మసిని ఫిల్టరు పట్టలేనంత సన్నటి రేణువులుగా తనలో నిలుపుకొని, ఇంజన్ గోడలకు అంటనివ్వకపోవటమే మంచి ఆయిల్ లక్షణం. నల్లబడటం అది పని చేస్తున్నదనటానికి గుర్తు. అంతకంటె భయపడవలసిన రంగు తెలుపు. డిప్‌స్టిక్ మీద ఆయిల్ జున్నుపాల వలె తెల్లగా చిక్కబడి కనిపిస్తే రేడియేటరు నీళ్ళు ఆయిల్‌లో కలుస్తున్నాయన్నమాట. చాలసార్లు హెడ్ గాస్కెట్ పోయి ఉంటుంది. ఆ బండిని అక్కడే ఆపివేసి మెకానిక్కును పిలిపించండి. షెడ్డు వరకు నడుపుకొని పోదామనుకొంటే దారిలోనే ఇంజన్ పోవచ్చు.

మార్చటం, కొనటం

ఇప్పటి కార్లలో చాలవాటికి 10 వేల కిలోమీటర్లు లేక ఒక సంవత్సరం, ఏది ముందయితే అది, గడువుగా వ్రాస్తున్నారు. ఆ పుస్తకంలోనే మరొకచోట "కఠినమైన వాడకం" అని ఉంటుంది. దుమ్ము దారులు, పూర్తి బరువు, చీటికిమాటికి ఆగటం ఆ క్రిందికి వస్తాయి. పాల వ్యానుకు ఈ మూడూ ఉన్నాయి. కాబట్టి దానికి ఆ రెండవ గడువే లెక్క. ఆయిల్‌తోపాటు ఫిల్టరు ప్రతిసారీ మార్చండి. ఫిల్టరు పూడుకుపోతే ఇంజన్ ఎండిపోకుండ ప్రక్కదారి తెరుచుకొని, వడకట్టని ఆయిలే బేరింగులకు పోతుంది. గాలి ఫిల్టరు చిరిగి ఉంటే దుమ్ము లోపలికి చేరి ఎంత మంచి ఆయిల్‌నైనా సానరాయి చేస్తుంది.

సింథటిక్ ఆయిల్ కొనాలా అని అడుగుతారు. మాన్యువల్ కోరిన అంకెలు, అక్షరాలు మామూలు ఆయిల్‌లో దొరికితే అదే చాలును. 0డబ్ల్యు, 5డబ్ల్యు ఆయిళ్ళు ఎట్లాగూ సింథటిక్ కలిసినవే అయివుంటాయి. దారిలో మట్టం తగ్గిపోయి సరియైనది దొరకకపోతే, దొరికిన ఇంజన్ ఆయిల్ కొద్దిగా పోసుకొని ఇల్లు చేరటం, ఆయిల్ లేకుండ నడపటం కంటె నయం. తరువాత మొత్తం మార్చుకోండి. మైలేజీ పెంచుతాయని అమ్మే చిన్న సీసాల మందులకు డబ్బు పెట్టకండి. కావలసినవి ఆయిల్‌లోనే పాళ్ళు చూసి కలిపి ఉన్నాయి.

నకిలీ ఆయిల్ బెడద ఉంది. వాడిపారేసిన ఆయిల్‌నే వడకట్టి, రంగు తేల్చి, పేరున్న కంపెనీల ఖాళీ డబ్బాలలో నింపి అమ్మేవారున్నారు. పెట్రోలు బంకులోగాని, కంపెనీ డీలరు దగ్గరగాని బిల్లు తీసుకొని కొనండి. మూత సీలు, బ్యాచి నెంబరు, తయారైన తేది చూడండి. మీ ఎదుటే సీలు తీయించి పోయించుకోండి. మార్చిన తేది, కిలోమీటర్లు, డబ్బామీది రెండు గుర్తులు సంఘం వ్యాను పుస్తకంలో వ్రాసి ఉంచితే డ్రైవరు మారినా లెక్క తప్పదు.

తీసిన పాత ఆయిల్

ఇది పశువుల సంగతి గనుక వివరంగా చెప్పవలసి యున్నది. గజ్జికీ, పిడుదులకూ, పుండ్లమీద ఈగలు వాలకుండా ఇంజన్ నుండి తీసిన నల్ల ఆయిల్ పూసే అలవాటు పల్లెలలో ఉంది. దయచేసి మానండి. ఇంజన్‌లో కాలిన ఆ నూనెలో లోహపు రజను, క్యాన్సరు కలిగించగల పదార్థాలు ఉంటాయి. పశువు ఒళ్ళు నాకుతుంది. దూడ తల్లి పొదుగును నాకుతుంది. చర్మం కూడ కొంత పీల్చుకొంటుంది. పొదుగుకు అంటినది పిండేటపుడు నేరుగా పాలలో పడుతుంది. గజ్జికీ, పిడుదులకూ పశువైద్యుని దగ్గర తగిన మందులున్నాయి. ఆ మందులు వాడినపుడు పాలు ఎన్ని పూటలు పోయకూడదో కూడ ఆయననే అడగండి.

పాత ఆయిల్‌ను కాలువలోనో, పేడకుప్పలోనో పారబోయరాదు. ఒక్క కారు నుండి ఒకసారి తీసిన ఆయిల్ పది లక్షల గ్యాలన్ల మంచినీటిని, అనగా సుమారు 38 లక్షల లీటర్లను, పాడుచేయగలదని అమెరికా పర్యావరణ రక్షణ సంస్థ హెచ్చరిస్తున్నది. మన దేశంలో 2016 నాటి నియమాల ప్రకారం వాడిన ఆయిల్ ప్రమాదకర వ్యర్థం. మూత ఉన్న డబ్బాలో పట్టి, దాన్ని తీసుకొనే సర్వీసు కేంద్రంలో ఇచ్చివేయండి. ఖాళీ అయిన క్రొత్త ఆయిల్ డబ్బాను నకిలీవారి చేతికి పోకుండ రెండు ముక్కలుగా కోయండి. ఎంత కడిగినా ఆ డబ్బాను పాలకుగాని, పశువుల నీళ్ళకుగాని వాడకండి. వ్యానులో ఆయిల్ డబ్బాలను పాల క్యాన్ల ప్రక్కన పెట్టకుండ డ్రైవరు సీటు వెనుక వేరే పెట్టెలో ఉంచాలి.